తువ్వాలు వేసిన గోడ

అద్దె ఇల్లు దొరకడమంటే పండగ రోజు బస్సులో సీటు దొరకడమే అని ఓబులేసు అంటాడు. ఉద్యోగమంతా ఆర్టీసీ బస్సుల్లో కండక్టరుగా నిలబడే చేస్తున్నవాడు. అతనికి ఏ పోలికైనా బస్సు దగ్గరికే వస్తుంది.

అనంతపురం బైపాసు దాటాక సూర్యనగర్ అని కొత్త ఊరు లేచింది. అన్నీ అపార్టుమెంట్లే. చెట్టు లేదు, నీడ లేదు. ఎండ మాత్రం ఎవరూ అడగకుండానే దండిగా ఉంది. ఆ ఎండలో ఓబులేసు, అతని భార్య సుంకమ్మ వేసవంతా ఇంటి కోసం తిరిగారు. ప్రతి ఓనరూ ముందు ఏమోళ్లని, అంటే ఏ కులమని, అడిగాడు. తర్వాత నీసు తింటారా అని, చుట్టాలు ఎక్కువా అని, రోట్లో దంచుతారా అని. ఒకాయన అన్నీ విని, ఓబులేసు దగ్గితే ఆ దగ్గు ఎప్పటినుంచి అని అడిగాడు. ఓబులేసు మెట్లు దిగి వచ్చేశాడు.

చివరికి తిప్పేస్వామి అనే మండీ వ్యాపారి తన ఫ్లాటు ఇచ్చాడు. రెండో అంతస్తు, పడమటి ముఖం. ఆయన కూడా అవన్నీ అడిగాడు గానీ, జవాబులు వినలేదు. ఒక్కటే షరతు పెట్టాడు. గోడలకు మేకు కొట్టకూడదు. ఎందుకంటే లోపల గోడలన్నిటికీ చలువ పూత పూసి ఉంది.

చలువ పూత సూర్యనగర్‌లో పుట్టిందే. ఊరి చివర పరిశోధనశాలలో కనిపెట్టారు. చూడ్డానికి బూడిద రంగు, తడిమితే సన్న ఇసుక తగిలినట్టుంటుంది. బయట గోడమీద అప్పడం కాల్చుకోవచ్చు, లోపల మాత్రం కొత్త కుండలో కూర్చున్నట్టుంటుంది. పగలు తాగిన వేడిని చల్లగా ఆకాశానికి వదిలేస్తుందట. ఓబులేసుకు అంతకంటే తెలియదు. ఫ్యాను లేకుండా నిద్ర పట్టింది, చాలనుకున్నాడు.

ఇంట్లో దిగిన రోజు సుంకమ్మ పొయ్యి కడిగి బొట్టు పెట్టి పాలు పొంగించింది. సాయంత్రం ఐదు కావస్తుండగా ఎవరో తలుపు తట్టారు. సన్నటి పొడుగాటి మనిషి. లోపలికి రమ్మనకముందే చెప్పులు బయట విడిచి ఉన్నాడు. తన పేరు చెన్నకేశవులనీ, ముందు ఈ ఇంట్లో తానే ఉన్నాననీ, హాలు గోడ దగ్గర కాసేపు నిలబడి వెళ్తాననీ అన్నాడు.

"ఏమన్నా మరిచిపోయినావా సారూ?" అన్నాడు ఓబులేసు.

"మరిచిపోలేకనే వచ్చినానన్నా."

వంటింటి గుమ్మానికీ కిటికీకీ మధ్య గోడకు ఇంటి మొత్తానికి ఒకటే మేకు ఉంది. దానికి ఎర్రంచు తువ్వాలు ఒకటి వేలాడుతోంది. పాతవాళ్లు వదిలేసి పోయారనుకుని సుంకమ్మ దాన్ని నేల తుడవడానికి తీసిపెట్టుకోబోతే, ఆయన వద్దమ్మా ఉండనీ అని మెల్లగా అన్నాడు. ఆ తువ్వాలు కింద, తన నడుం ఎత్తున గోడకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత వంగి గోడ కింది భాగం తడిమాడు. ఓబులేసు చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు.

గోడంతా చల్లగా ఉంది. అక్కడ ఒక్కచోట వేడిగా ఉంది. అప్పుడే ఎవరో లేచి దిగిపోయిన సీటులాగ.

ఆయన చెప్పింది ఇది. ఆయన భార్య హేమలత బడిలో టీచరు. రోజూ సాయంత్రం ఈ గోడకు వీపు ఆనించి కింద కూర్చుని, పిల్లల పేపర్లు దిద్దుకుంటూ ఆయన కోసం ఎదురుచూసేది. కిందటేడు జబ్బు చేసి పోయింది. కానీ సాయంత్రమయ్యేసరికి గోడ ఆమె వేడిని ఇస్తూనే ఉంది. పూతకు అలాంటి గుణం ఉందని దాన్ని కనిపెట్టినవాళ్లకే తెలియదు. కనిపెట్టినవాడు చెన్నకేశవులే.

"ఉండలేక ఖాళీ చేసినా," అన్నాడు. "ఖాళీ చేసినాక ఉండలేకపోతాండా."

ఆ చోట ఎవరూ ఆనుకోవద్దనీ, ఏ సామానూ పెట్టవద్దనీ, రోజూ ఒకసారి తనను రానివ్వమనీ అడిగాడు. వేరే రోజైతే ఓబులేసు కుదరదని చెప్పేవాడే. పాలు పొంగిన రోజు గడప లోపలికి వచ్చినవాడికి లేదనకూడదు. వాళ్లమ్మ అట్లాగే పెంచింది. సరే సారూ అన్నాడు. అనేసి, నాలుక కరుచుకున్నాడు.

*

ఆ హాలుకు పొడుగాటి గోడ అదొక్కటే. మిగతావన్నీ గుమ్మాలు, కిటికీలు. దాంతో బీరువా పడకగదికి అడ్డమయింది. మంచం హాలు మధ్యలో, పెళ్లిలో తప్పిపోయిన మనిషిలా నిలబడిపోయింది. డ్యూటీకి పోయేటప్పుడు ఓబులేసు దాని కోడును ఒకసారి తన్నుకునేవాడు, వచ్చినప్పుడు ఇంకోసారి. తిట్టడానికి కూడా మొహమాటమే. చెన్నకేశవులు సారు అప్పటికి గోడ దగ్గర ఉండేవాడు.

సాయంత్రం ఐదయితే చెప్పులు బయట విడిచిన చప్పుడు. ఓబులేసు సెలవు రోజున కూడా బనీను మీద కూర్చోవడానికి లేదు. టీవీ గొంతు తగ్గించాలి. సుంకమ్మ టీ పెట్టాలి. సారు వద్దంటూనే తాగుతాడు. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి పోతాడు. తిట్టుకుందామంటే ఆ ఆధారమూ ఉండదు.

"బస్సు కిటికీలోంచి తువ్వాలు ఏసి సీటు పట్టుకునేవోళ్లను సానామందిని చూసినా," అని ఓబులేసు భార్యతో అనేవాడు. "అద్దె కట్టి మనం నిలబడుకోవాల. ఆ తువ్వాలు కూసోవాల."

సుంకమ్మ పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు తట్టి, వీధి చివర కూరల అంగడికి ఇస్తుంది. మధ్యాహ్నానికి నడుం విల్లులా వంగిపోతుంది. మాటకు మాట చెప్పే ఓపిక ఆమెకు ఉండదు.

ఒకసారి ఓబులేసు విసిగి, ఇంట్లో ఇదేదో గాలీ ధూళీ అయితే చెప్పెయ్యి సారూ, పూజ చేయించుకుంటాం అన్నాడు. చెన్నకేశవులు నవ్వి, మరునాడు అతన్ని పరిశోధనశాలకు తీసుకుపోయాడు. అక్కడ గోడకు పూత పూసిన బల్ల ఒకటి అరలాగ అతికించి ఉంది. వాచ్‌మన్ రోజూ పొద్దున తన టీ గ్లాసు ఆ బల్లమీద ఒకేచోట పెట్టుకునేవాడట. అతను సెలవు పెట్టి ఊరికి పోయాడు. అయినా టీ వేళకు సారు ఓబులేసు వేలు ఆ బల్లమీద పెట్టించాడు. గ్లాసు అడుగంత మేర చురుక్కుమంది. చుట్టూ చల్లగానే ఉంది.

"రోజూ ఒకే చోట, ఒకే వేళకు వేడి తగిలితే పూతకు అలవాటవుతుందన్నా," అన్నాడు సారు. "వేడి రాకపోయినా కొన్నాళ్లు తన దగ్గరుండేది తీసి ఆ వేళకు ఇస్తుంది."

"పెరికి ఎత్తుకుపోవచ్చు గదా? మీ ఇంట్లో పెట్టుకుందువు."

ఆయన మూలకు చూపించాడు. అక్కడ పెరికిన బల్లలు చాలా ఉన్నాయి. గోడనుంచి ఊడదీస్తే చాలు, అన్నీ మరిచిపోతుంది. ఓబులేసు ఒకదాన్ని తడిమి చూశాడు. బండరాయి.

తిరిగి వచ్చేటప్పుడు సారు బైకు వెనక కూర్చుని ఓబులేసు ఆలోచించాడు. దయ్యమయితే పూజ చేయిస్తే పోయేది. దీనికి మందు లేదు.

*

వానలు మొదలయ్యేనాటికి గోడ చల్లబడసాగింది. సారు వేడిని రంగుల్లో చూపించే చిన్న కెమెరా ఒకటి తెచ్చేవాడు. అందులో గోడ నీలంగా కనిపించేది. వేడి ఉన్నచోట ఎర్రగా ఒక వీపు, రెండు భుజాలు, కొంచెం పక్కకు వాలిన తల. ఆ ఎరుపు తర్వాత పసుపయింది, పసుపు ఆకుపచ్చయింది. సారు మొహం కూడా అట్లాగే పాలిపోతూ వచ్చింది. ఒకరోజు టీ తాగకుండా వెళ్లిపోయాడు. పీడ విరగడయిందని సంతోషించాల్సిన ఓబులేసు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తినలేదని తనమీద తనకే కోపం వచ్చింది.

తర్వాత కొన్నాళ్లకు పచ్చ మళ్లీ పసుపయింది. పసుపు ఎరుపయింది.

సారు కోవా పొట్లం తెచ్చాడు. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే పూత తనంతట తనే మళ్లీ పుంజుకుంటుందని తేలిందన్నాడు. పరిశోధనశాల పెద్దవాళ్లకు రాశాననీ, వాళ్లు చూడ్డానికి వస్తున్నారనీ, మనిషి పోయినా వేడి పోనక్కర్లేదనీ అన్నాడు. ఆయన అంత మాట్లాడగా ఓబులేసు ఎప్పుడూ వినలేదు. సుంకమ్మ కోవా ప్లేటులో సర్ది, తను ముట్టకుండా లోపలికి వెళ్లింది.

ఈ సంగతి సూర్యనగర్‌లో పాకింది. పాకాక, ఊరు ఊరులాగే ప్రవర్తించింది. ఇంతవరకు ఓనర్లే అద్దెకొచ్చేవాళ్లను ఏమోళ్లని అడిగేవాళ్లు. ఇప్పుడు అద్దెకొచ్చేవాళ్లు కూడా గోడలు తడిమి, ముందున్నవాళ్లు ఏమోళ్లని అడగసాగారు. ఎవరెవరి వీపు వేడికో మేము ఆనుకోవాలా అని ఒకావిడ మెట్లమీద నిలబడి తిప్పేస్వామితో తగాదా పడింది. తిప్పేస్వామి తల పట్టుకుని, దసరాకు ముందే అన్ని ఫ్లాట్లలో పూత గీకించి మామూలు రంగు వేయిస్తానన్నాడు. సారు వెళ్లి బతిమాలాడు. పెద్దవాళ్లు వచ్చి చూసేదాకా ఆగుతానని ఆయన ఒప్పుకున్నాడు.

మధ్యలో నలిగిపోయింది ఓబులేసు. రంగు వేస్తే మంచం గోడకు జరుపుకోవచ్చు. కానీ ఆ మాట పైకి అంటే పాపం తగులుతుంది.

*

ఒకరోజు ధర్మవరం దారిలో వాగు పొంగి బస్సులు నిలిచిపోయాయి. ఓబులేసు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు.

సుంకమ్మ తువ్వాలు కింద, గోడకు వీపు ఆనించి, కాళ్లు బారచాపి నిద్రపోతోంది. తల కొంచెం పక్కకు వాలింది. నోరు తెరిచి ఉంది. చేతులకు ఇంకా జొన్నపిండి ఉంది.

ఓబులేసు చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. టికెట్లు లెక్క తప్పినప్పుడు మొదటినుంచి చూసుకున్నట్టు, అన్నీ ఒకసారి చూసుకున్నాడు. ఎరుపు, పసుపు, పచ్చ, మళ్లీ ఎరుపు. లెక్క సరిపోయింది.

ఆమె కళ్లు తెరిచి, దొరికిపోయినట్టు కాకుండా, మామూలుగా చూసింది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

"వానలు ముదిరినప్పటినుంచి. నడుం నొప్పి తట్టుకోలేకపోతాండా. పనయినాక సారు వచ్చే వేళ దాకా ఈడ ఆనుకుంటే సుఖంగా ఉండాది." ఆమె చీర సర్దుకుంది. "నువ్వు మాటిచ్చినావు. నేనియ్యలేదు."

ఓబులేసుకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఒక మగమనిషి తన ఇంటికి వచ్చి, తన ఎదుటే, తన పెళ్లాం వీపు వేడికి కళ్లు మూసుకున్నాడు. దానికి తను టీ కూడా ఇప్పించాడు. ఆ మాటే అన్నాడు. సుంకమ్మ చేతులకున్న పిండి దులుపుకుంది.

"నీ బస్సులో సీటు ఎచ్చగా ఉంటే, ముందు ఎవరు కూసున్నారని అడిగి కూసుంటారా ఎవరైనా?" అంది. "ఆయన కూసోనీ. ఆయనకేం తెలుసు."

చెప్పొద్దని కూడా అంది. చెబితే ఆయమ్మను రెండోసారి చంపినట్టవుతుందంది. ఓబులేసు మంచం కోడును ఈసారి కావాలనే తన్నాడు.

చెప్పకుండానే గడిపేసేవాడేమో. కానీ మూడోనాడు మెట్లమీద ఒకామె కూర్చుని ఉంది. చిన్న వయసే. ధర్మవరంలో మగ్గం నేసే మనిషి. ఒళ్లో గుడ్డసంచి. సారు ఎప్పుడొస్తాడని అడిగింది. కూర్చోమ్మా వస్తాడు అన్నాడు. ఆమె అడగకుండానే చెప్పుకొచ్చింది. వాళ్ల అద్దె ఇంట్లోనూ చలువ పూతే. కూతురు గోడవార పడుకునేది. జ్వరమొచ్చి పోయింది. గోడ చల్లబడుతోందని, ముఖమెరగని సారుకు ఫోను చేస్తే, ఎవరూ ముట్టుకోవద్దు, అదే తిరిగి వస్తుంది అన్నాడట. అందుకని ఆ గదికి తాళం వేసి, మొగుడూ తనూ చిన్నపిల్లాడూ వసారాలో పడుకుంటున్నారు.

"వానకు పిల్లోడు తడుస్తాండాడన్నా," అంది. "ఇంకెన్నాళ్లకు వస్తాదో సారునడిగి పోదామని."

ఓబులేసు లోపలికి వచ్చి బనీను మీదే మంచంలో కూర్చున్నాడు. చొక్కా తొడుక్కోలేదు. చెప్పుల చప్పుడయ్యింది. సారు వచ్చి, అలవాటుగా తువ్వాలు కింద అరచెయ్యి ఆనించాడు.

"సారూ, ఆ ఎచ్చన మీ ఆయమ్మది కాదు. మా ఆడమనిషిది. రోజూ మధ్యాన్నం నుంచి నువ్వొచ్చే వేళ దాకా ఆడ ఆనుకుంటాది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సారు చెయ్యి తియ్యలేదు, వెనక్కి తిరగలేదు.

"కెమెరాలో బొమ్మ నాలుగు వేళ్ల మందం కిందికి దిగిందన్నా. హేమ పొడుగు. మీ ఆమె అంత ఎత్తు లేదు. ఎండకు పూత జారిందేమో అని రాసుకున్నా."

"జారుతాదా?"

"జారదు."

అంతే అన్నాడు. ఓబులేసు వేలితో తలుపు వైపు చూపించి, బయట ఎవరో కూర్చున్నారు, ఆ బిడ్డకు చెప్పిరా ముందు అన్నాడు. కసిరినట్టే అన్నాడు. అతనికి వేరే విధంగా అనడం చేతకాలేదు.

సారు వెళ్లి మెట్టుమీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన చెప్పిందేమిటో లోపలికి వినపడలేదు. వింటున్నకొద్దీ ఆమె సంచిని దగ్గరికి లాక్కుంది. తర్వాత ఆమె గొంతు మాత్రం వినిపించింది.

"అయితే లోపలికి పోయి, దానెంబడి పండుకోవచ్చునా సారూ?"

"పండుకోమ్మా. ఇంకా కొంచెం ఉంటుంది. కానీ నీ వేడి కలిసిపోతుంది."

"కలిస్తే కలవనీ," అంది ఆమె. లేచి, కళ్లు తుడుచుకుని, ధర్మవరం బస్సు ఏ వైపు ఆగుతుందని ఓబులేసును అడిగింది. అతను చొక్కా తొడుక్కుని వెళ్లి ఎక్కించి వచ్చాడు. డ్రైవరుకు కూడా చెప్పాడు, ఇంటి దగ్గర ఆపమని.

తిరిగి వచ్చేసరికి సారు లేడు. మేకుకు తువ్వాలు లేదు.

*

పెద్దవాళ్లు రాలేదు. సారే రావద్దని రాశాడట. గోడలు గీకే పని మాత్రం తిప్పేస్వామి వాయిదా వేశాడు. తగాదా పడ్డ ఆవిడ నడుం నొప్పికి తనే గోడకు ఆనుకోవడం మొదలుపెట్టిందని సుంకమ్మ చెప్పింది.

ఓబులేసు మంచాన్ని గోడకు జరిపాడు. బీరువాను హాల్లోకి తెచ్చాడు. బనీను మీద కూర్చుని, టీవీ గొంతు పెంచి, ఇదిరా ఇల్లంటే అనుకున్నాడు. కోడు తగలకపోయేసరికి నడక కూడా కొత్తగా ఉంది.

ఒక సెలవు రోజు సాయంత్రం మంచంమీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఐదయింది. మెడ వెనక ఏదో తగిలినట్టయింది. ఉలిక్కిపడి తిరిగాడు. ఏమీ లేదు. చేత్తో తడిమాడు. కింద సుంకమ్మ ఆనుకునే చోటు కాదు. దానికంటే పైన, మేకు కింద, అరచెయ్యంత మేర వెచ్చగా ఉంది. వేళ్లు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. పొడుగాటి వేళ్లు.

సుంకమ్మను పిలిచాడు. ఆమె వచ్చి, మునివేళ్లతో ముట్టుకుని చూసింది.

"సారుది," అంది.

రోజూ అదే వేళకు వచ్చి, అదే చోట చెయ్యి పెట్టిన మనిషి. గోడకు అలవాటు కాక ఏమవుతుంది. ఓబులేసు నెత్తి కొట్టుకున్నాడు. మనిషి వస్తున్నన్నాళ్లూ మంచం వేసుకోనివ్వలేదు. రావడం మానేశాక కూడా చెయ్యి మెడమీదనే పెట్టాడు. మంచం ఇవతలికి లాగాడు. కోడు మళ్లీ కాలికి తగిలింది.

మరునాడు సాయంత్రం డ్యూటీనుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా, గోడ తడిమాడు. ఉంది. ఆ పక్కరోజూ ఉంది. తర్వాత కొంచెం తగ్గింది. వేళ్లు కలిసిపోయి ఒక ముద్దలా తెలిసింది. ఇంకో నాలుగు రోజులు పోతే అదీ ఉండదు. పోతే పోయింది, నాకేం అనుకుంటూ ఓబులేసు టీవీ పెట్టాడు. చూస్తున్నది ఏమిటో తెలియలేదు. ఆపేశాడు. సుంకమ్మ టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. చూస్తే ఇంకో గ్లాసు కూడా పోసి, వంటింటి గట్టుమీద మూత పెట్టి ఉంచింది. అలవాటు.

ఓబులేసు విసుక్కుంటూ ఫోను తీశాడు. అవతల ఎత్తగానే, బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఏం సారూ, యాడుండావు? రాకుంటే ఎట్ల? నీ సీటు సల్లబడతాండాది."

ఓబులేసు ఫోను పెట్టేశాడు. డ్యూటీ సంచిలోంచి చెమట తుడుచుకునే తన తువ్వాలు తీశాడు. ఒకసారి దులిపి, మేకుకు తగిలించాడు.